ట్యాంకు నెత్తిమీద తుపాకి
(ఉక్కు రథాలు: 9వ భాగం)

1944 ఆగస్టు 7, తెల్లవారుజాము. ఫ్రాన్సులోని నార్మండీలో మోర్తాన్ అనే చిన్న ఊరు. చుట్టూ ఎత్తైన పొద కంచెల మధ్య ఇరుకిరుకు పొలాలు, లోతుగా అరిగిన బండి బాటలు. వాటి గుండా జర్మన్ పాంజర్ దళాలు పడమటి వైపు కదిలాయి. సముద్రపు ఒడ్డునున్న అవ్రాంష్ పట్టణం వాటి గమ్యం. అది చేజిక్కితే, దక్షిణానికి దూసుకుపోయిన అమెరికన్ సైన్యాలకు వెనక నుంచి సరఫరా తెగిపోతుంది. ఆజ్ఞ ఇచ్చింది హిట్లర్, అమలు చేయాల్సింది ఫీల్డ్ మార్షల్ ఫాన్ క్లూగె.

మొదటి కొన్ని గంటలు అదృష్టం జర్మన్ల వైపే ఉంది. దట్టమైన పొగమంచు పట్టింది. పైనున్న విమానానికి కింద ఏముందో కనబడదు. ఆ మంచు మాటున 2వ పాంజర్ డివిజన్ ముందు దళాలు లె మెస్నిల్ అడెలె దాకా వెళ్లిపోయాయి. 300 యుద్ధ విమానాలు కాపలాగా వస్తాయని జర్మన్ వాయుసేన మాట ఇచ్చింది. దారిలోనే మిత్రరాజ్యాల విమానాలు అడ్డుకోవడంతో అవి యుద్ధభూమికి చేరలేకపోయాయి. మధ్యాహ్నం కావస్తుండగా మంచు విడిపోయింది. ఆ వెంటనే బ్రిటిష్ టైఫూన్లు వచ్చాయి. ఒక్కో విమానం రెక్కల కింద 8 రాకెట్లు, రెక్కల్లో నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. అమెరికన్ థండర్‌బోల్ట్‌లూ తోడయ్యాయి. సాయంత్రానికి ఎదురుదాడి ఆగిపోయింది.

ఇక్కడి నుంచే ఒక పెద్ద నమ్మకం పుట్టింది: విమానం కంటబడ్డ ట్యాంకు బతకదని. ఆ రోజూ ఆ తర్వాతా మోర్తాన్ మీద ఎగిరిన పైలట్లు ధ్వంసం చేశామని, దెబ్బతీశామని చెప్పిన ట్యాంకుల లెక్క కూడితే 252 తేలింది. ఆ దాడిలో జర్మన్లు దింపిన ట్యాంకులు, స్వయంచలిత ఫిరంగులు అన్నీ కలిపినా 180కి మించవు. అంటే ఉన్నవాటికంటే కూలినవే ఎక్కువన్నమాట.

ఊరు మిత్రరాజ్యాల చేతికి వచ్చాక బ్రిటిష్ సైన్యానికి చెందిన పరిశోధకుల బృందం ఒకటి ఆ పొలాల్లోకి దిగింది. ఒక్కో ట్యాంకు దగ్గరా ఆగి, కవచంలో పడ్డ బెజ్జం ఆకారం చూశారు. నున్నగా గుండ్రంగా ఉంటే అది ఫిరంగి గుండు పని. చుట్టూ గోతులు పడి, రాకెట్ గొట్టాల ముక్కలు చెదిరి ఉంటే అది టైఫూన్ పని. ఏ దెబ్బా లేకుండా తలుపులు బార్లా తెరిచి ఉన్న ట్యాంకుల్ని వేరే లెక్క కట్టారు. మొత్తం నష్టపోయిన ట్యాంకులు, స్వయంచలిత ఫిరంగులు 46. వాటిలో విమానాల దెబ్బకు పోయినవి 9.

పైలట్లు అబద్ధమాడారని ఎవరూ అనుకోకూడదు. గంటకు 600 కిలోమీటర్ల వేగంతో, కింద నుంచి గుళ్లు కురుస్తుండగా, ధూళి, పొగ మధ్య నుంచి ఒక్క క్షణం చూసిన మనిషి చెప్పిన లెక్క అది. రాకెట్ పేలిన చోట పెద్ద మంట లేస్తుంది. ఆ మంట ట్యాంకులోదో పక్కనున్న లారీలోదో పైనుంచి పోల్చుకోవడం దాదాపు అసాధ్యం. ఒకే ట్యాంకును నలుగురు కొట్టి నలుగురూ రాసుకుంటారు. నిన్న చచ్చిన ట్యాంకును ఇవాళ మళ్లీ కొడతారు. వాళ్ల సాహసాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. ఒక్క నార్మండీ పోరులోనే 151 మంది టైఫూన్ పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. నోయే బొకాజ్ అనే ఊళ్లో వాళ్ల స్మారకం ఇప్పటికీ ఉంది.

అసలు చిక్కు రాకెట్లోనే ఉంది. 27 కిలోల తల ఉన్న ఆ రాకెట్ తగిలితే ఏ ట్యాంకూ నిలవదు. తగలడమే అరుదు. బ్రిటిష్ వాళ్లు ఒక జర్మన్ పాంథర్ ట్యాంకును బయలు పొలంలో నిలబెట్టి, స్పష్టంగా కనబడేలా తెల్ల రంగు వేసి, అనుభవమున్న పైలట్ల చేత 64 రాకెట్లు కొట్టించారు. తగిలినవి 3. ఆ ట్యాంకు కదల్లేదు, దాని మీంచి ఎవరూ ఎదురు కాల్చలేదు. అసలు యుద్ధంలో కంచె చాటున దాక్కుని, చుట్టూ విమాన విధ్వంసక తుపాకులున్న ట్యాంకు సంగతి ఊహించుకోవచ్చు. రాకెట్ విమానాన్ని విడిచాక బరువుకు కిందికి వంగుతుంది, గాలికి పక్కకు జరుగుతుంది. ఎంత దూరంలో వదలాలి, ఎంత ఏటవాలుగా దూకాలి అన్నది పైలట్ కళ్లూ చేతులూ తేల్చుకోవాలి. గురి కాస్త తప్పినా పొలంలో గొయ్యి పడుతుందంతే.

అయితే ఈ మొత్తంలో ట్యాంకు తన కోసం తాను చేసుకోగలిగినదేమిటి? రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకు ఫొటో చూస్తే చాలావాటిలో టరెట్ మీద, మూత పక్కన, ఆకాశం వైపు ఎత్తిన ఒక మెషిన్ గన్ కనిపిస్తుంది. తయారుచేసిన దేశాలు దాన్ని విమానాల కోసమే అమర్చాయి.

దాన్ని వాడే మనిషి స్థితిని దగ్గర నుంచి చూద్దాం. అమెరికన్ షెర్మన్ ట్యాంకులో అయిదుగురుంటారు. టరెట్ మీదున్నది బ్రౌనింగ్ .50 మెషిన్ గన్, బరువు 38 కిలోలు. దాని వెనక నిలబడాల్సింది ట్యాంకు కమాండర్. ఆయనకు అప్పటికే చేతినిండా పని ఉంది: దారి చూడాలి, డ్రైవరుకు చెప్పాలి, గన్నరుకు గురి చెప్పాలి, రేడియోలో పై అధికారి మాట వినాలి. విమానం వచ్చిందంటే ఇవన్నీ ఆపి, మూత తెరిచి, నడుము దాకా బయటికి లేవాలి. కొన్ని వైపులకు తిప్పి కాల్చాలంటే టరెట్ దిగి ఇంజిన్ మీది రేకు మీద నిలబడక తప్పదు. అంటే ఉక్కు కవచం ఉన్న బండిలో కవచం అవతల నిలబడ్డ ఒకే ఒక్క మనిషి ఆయనే. ఒక్కో పెట్టెలో 105 తూటాల పట్టీ. నిమిషానికి 500 చొప్పున కాలిస్తే పెట్టె ఖాళీ అవడానికి 12, 13 సెకన్లు. ఆ తర్వాత కొత్త పెట్టె ఎత్తి, పట్టీ ఎక్కించి, మీట లాగాలి. అప్పటికి విమానం కనుచూపు దాటిపోతుంది.

గురి సంగతి ఇంకా కష్టం. తూటా తుపాకి నోరు విడిచేటప్పుడు సెకనుకు దాదాపు 890 మీటర్ల వేగం. దారిలో గాలి దాన్ని నెమ్మదింపజేస్తుంది. 800 మీటర్ల దూరం చేరేసరికి సెకను పైనే పడుతుంది. ఆ సెకనులో అడ్డంగా పోయే జర్మన్ ఫోకెవుల్ఫ్ విమానం 150 మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి విమానాన్ని చూసి కాలిస్తే తూటాలన్నీ దాని వెనకే పోతాయి. ఎంత ముందుకు గురి పెట్టాలో లెక్క చెప్పే యంత్రం టరెట్ మీద లేదు. ఉన్నది ఇనుప చూపు రింగు, లేదంటే మధ్య మధ్య వెలుగుతూ పోయే ట్రేసర్ తూటాల దారి. ఒక్క సందర్భంలో మాత్రం గురి తేలిక: విమానం నేరుగా తన మీదికే దూకుతున్నప్పుడు. అప్పుడు పక్కకు లెక్కగట్టాల్సిన పని ఉండదు. కానీ సరిగ్గా అప్పుడే విమానంలోని తుపాకులన్నీ ఆ కమాండరును చూస్తుంటాయి. చాలామంది మూత మూసుకుని లోపలికి దిగేవాళ్లంటే వాళ్లను తప్పుపట్టలేం.

అలాగని ఆ తుపాకి దండగ అనడం తొందరపాటు. టైఫూన్ ముక్కు కింద ఇంజిన్ను చల్లబరిచే రేడియేటర్ ఉంటుంది. అందులో ఒక్క తూటా దిగినా నీళ్లు కారిపోయి కొన్ని నిమిషాల్లో ఇంజిన్ ఆగిపోతుంది. ఒక్క తుపాకి వల్ల అది జరగడం అరుదైనా, ఇరవై ట్యాంకులూ అర్ధట్రాక్ బండ్లూ, పదాతి దళపు తుపాకులూ ఒకేసారి ఆకాశంలోకి కాలిస్తే పైలట్ కాస్త ముందే రాకెట్లు వదిలేసి పక్కకు తిరుగుతాడు. ఆ కాస్త దూరం చాలు గురి తప్పడానికి. విమానం కూలకపోయినా తుపాకి తన పని చేసినట్టే. ఎన్ని కూల్చింది అన్న ఒక్క ప్రశ్నతో దాని విలువ కొలిచే రచయితలు ఈ సంగతి వదిలేస్తారు.

జర్మన్ ట్యాంకుల మీద అమర్చింది 7.92 మిల్లీమీటర్ల ఎం.జి. 34. అది చిన్న తూటా, దూరానికి పనికిరాదు. టి–34 ఎక్కిన సోవియట్ సిబ్బందికి పైకప్పు మీద తుపాకే లేదు. బరువైన ఐ.ఎస్.–2 ట్యాంకులకు యుద్ధం చివర్లో 12.7 మిల్లీమీటర్ల దెష్కా మెషిన్ గన్ వచ్చింది. అప్పటికి జర్మన్ విమానాలు అరుదైపోయాయి. బెర్లిన్ వీధుల్లో మేడల పై అంతస్తుల కిటికీల్లోంచి కాల్చేవాళ్ల మీద దాన్ని వాడారు. 1945 జనవరి 26న ఆల్సేస్ ప్రాంతంలోని హోల్ట్‌స్‌విర్ దగ్గర ఆడీ మర్ఫీ అనే అమెరికన్ యువ అధికారి, మంటలంటుకున్న ట్యాంకు విధ్వంసక బండి ఎక్కి ఇలాంటి .50 తుపాకితోనే ముందుకొస్తున్న జర్మన్ పదాతి దళాన్ని ఆపాడు. దానికి ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. విమానాల కోసం పెట్టిన తుపాకి నేల మీది మనుషుల మీదే ఎక్కువగా పేలింది. చాలా బ్రిటిష్ దళాలైతే తమకొచ్చిన షెర్మన్ల మీంచి దాన్ని ఊడదీసి పక్కన పెట్టేశాయి.

ట్యాంకు తనను తాను కాచుకోలేదని తేలాక, దాన్ని కాచే మరో బండి కావాల్సి వచ్చింది. బ్రిటిష్ వాళ్లు పాత క్రూసేడర్ ట్యాంకుల మీద 40 మిల్లీమీటర్ల బోఫర్స్, ఆ తర్వాత జంట 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ ఫిరంగులు అమర్చి నార్మండీకి తెచ్చారు. తీరా దిగాక ఆకాశంలో జర్మన్ విమానాలు దాదాపు కనబడలేదు. కొద్ది వారాల్లోనే ఆ దళాలను రద్దు చేసి, సిబ్బందిని వేరే పనులకు పంపేశారు. అమెరికన్లు ఎం–16 అర్ధట్రాక్ మీద నాలుగు .50 బ్రౌనింగ్‌లను ఒక్క మీటతో పేలేలా అమర్చారు. దాని అన్నదమ్ములైన ఎం–17 బండ్లు వెయ్యి దాకా సోవియట్ సైన్యానికి వెళ్లాయి.

జర్మన్లకు అవసరం ఎక్కువ, చేతిలో ఉన్నది తక్కువ. పాంజర్–4 ట్యాంకు అడుగు భాగం మీద 37 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టి మోబెల్‌వాగన్ తయారుచేశారు. దానికి నాలుగు వైపులా నిలువు రేకులుంటాయి. చుట్టూ తిప్పి కాల్చాలంటే ముందు ఆ రేకులు దించాలి, దించితే లోపలి మనుషులకు రక్షణ పోతుంది. ఆ లోపం దిద్దుతూ విర్బెల్‌విండ్ వచ్చింది. తొమ్మిది పలకల టరెట్, పైకప్పు లేదు, లోపల నాలుగు 20 మిల్లీమీటర్ల గొట్టాలు. ఒక్కో గొట్టానికి 20 గుళ్ల పెట్టె. నాలుగూ ఒకేసారి పేలుతుంటే పెట్టెలు మార్చేవాళ్ల చేతులకు ఊపిరి సలపదు. పైకప్పు వేయకపోవడానికి ఒక కారణం పొగ బయటికి పోవాలని, మరో కారణం ఆకాశం కనబడాలని. పైలట్లు నిజంగా భయపడ్డది ఇలాంటి బండ్లకూ, దారి పక్కన పాతిన చిన్న ఫ్లాక్ (విమాన విధ్వంసక) తుపాకులకూ. కానీ విర్బెల్‌విండ్‌లు మొత్తం తయారైనవే వంద అటూ ఇటూ. వేల విమానాలకు ఎదురుగా అవి ఏమూలకు?

కాబట్టి మోర్తాన్‌లో ట్యాంకుల్ని నిజంగా కాపాడినవేమిటంటే, మొదట పొగమంచు, తర్వాత కంచెలూ చెట్లూ, ఆ తర్వాత రాకెట్ల గురి తప్పడం. చెట్ల కొమ్మలు నరికి ట్యాంకు నిండా కప్పడం ఆ వేసవిలో జర్మన్ సిబ్బంది దినచర్య. పగలు చెట్ల కింద ఆగి రాత్రి కదిలేవాళ్లు. ఆగాక వెనక్కి నడిచి, పొలంలో పడ్డ ట్రాకుల ముద్రల్ని కొమ్మలతో చెరిపేవాళ్లు. ఆ ముద్రలే చెట్టు కింద ట్యాంకుందని పైవాడికి వేలెత్తి చూపుతాయి మరి.

మిత్రరాజ్యాల ట్యాంకులకు సమస్య వేరు. తలమీద తిరిగే విమానాల్లో చాలావరకు తమవే. వాటి నుంచే కాచుకోవాలి. అందుకే షెర్మన్ వెనక ఇంజిన్ మీద కొట్టొచ్చినట్టు కనబడే రంగు గుడ్డ పరిచేవాళ్లు. విమానాల రెక్కల మీద తెలుపు, నలుపు పట్టీలు వేశారు. 1944 జులైలో అమెరికన్ వాయుసేన జనరల్ కెసాడా ఇంకో మెట్టు ఎక్కారు. ముందు నడిచే షెర్మన్లలో విమానాల రేడియో పెట్టించి, దాన్ని వాడటానికి ఒక పైలట్‌నే ఆ ట్యాంకులో కూర్చోబెట్టారు. ట్యాంకుల వరస మీద పగలంతా నాలుగేసి థండర్‌బోల్ట్‌లు వంతులవారీగా తిరిగేవి. నా అభిప్రాయంలో ఆ యుద్ధం మొత్తంలో ట్యాంకుకు దొరికిన అన్నిటికంటే మంచి విమాన విధ్వంసక ఆయుధం ఆ రేడియోనే.

ట్యాంకుకు దెబ్బ తగలకపోయినా సిబ్బంది మనసుకు తగులుతుంది. 1940 మే 17న మోంకోర్నే దగ్గర డి గాల్ నడిపిన ఫ్రెంచ్ ట్యాంకుల మీద జర్మన్ స్టూకా బాంబర్లు చీకటి పడేదాకా దూకుతూనే ఉన్నాయి. ఎదురు కాల్చడానికి విమాన విధ్వంసక తుపాకులు లేవు. నాలుగేళ్ల తర్వాత అదే దేశంలో జర్మన్లకు అదే గతి పట్టింది. టైఫూన్ల రొద వినగానే కొందరు చెక్కుచెదరని ట్యాంకును వదిలి కందకంలోకి పరుగెత్తారు. లోపలుంటేనే బతికే అవకాశం ఎక్కువని పాత కాపులకు తెలుసు. కొత్త కుర్రాళ్లకు ఆ ధైర్యం చాల్లేదు. తర్వాత ఫలేజ్ దగ్గర ముట్టడిలో చిక్కిన ప్రాంతంలో పరిశోధకులు 133 కవచ వాహనాలు పరీక్షిస్తే, ఏదో ఒక ఆయుధం దెబ్బకు పోయినవి 33. మిగతా వందా సిబ్బంది వదిలేసినవో, తామే పేల్చేసినవో. పెట్రోలు తెచ్చే లారీలు దారిలో తగలబడ్డాయి. లారీకి కవచం లేదు, దానికి టైఫూన్ ఫిరంగి గుళ్లే చాలు. పెట్రోలు అందని ట్యాంకు ఎంత మందపు ఉక్కుదైతేనేం?

ట్యాంకు దగ్గర ఏ జవాబూ లేని దాడి కూడా ఒకటుంది. 1944 జులై 18న కాన్ నగరానికి తూర్పున మాన్‌విల్ దగ్గర పెద్ద బాంబర్లు బాంబుల తివాచీ పరిచాయి. 50 టన్నులు దాటిన టైగర్ ట్యాంకు ఒకటి తిరగబడి టరెట్ కిందికి, ట్రాకులు ఆకాశం వైపుకు అయిపోయింది.

తూర్పు రంగంలో సోవియట్లు గురి సమస్యకు మరో దారి వెతికారు. ఒక్క పెద్ద రాకెట్ బదులు, ఇల్–2 విమానం కడుపులో రెండు కిలోలు కూడా లేని చిన్న బాంబులు వందల కొద్దీ నింపి ఒక్కసారిగా గుమ్మరించారు. 1943 జులైలో కుర్స్క్ దగ్గర అవి మొదటిసారి పడ్డాయి. ట్యాంకు పైకప్పు అన్నిటికంటే పలచన. పాంథర్ మీద కేవలం 16 మిల్లీమీటర్ల రేకు. దాన్ని చీల్చడానికి ఆ చిన్న బాంబు సరిపోతుంది. అక్కడా పైలట్ల లెక్కలకూ జర్మన్ రికార్డులకూ పొంతన కుదరదు. కానీ జర్మన్లు ట్యాంకుల్ని గుంపుగా నిలపడం మానేసి దూరదూరంగా చెదరగొట్టడం మొదలుపెట్టారు. చెదిరిన ట్యాంకులు కలిసికట్టుగా దాడి చేయలేవు.

ఇప్పుడు నార్మండీ నుంచి 27 ఏళ్లు ముందుకు, మన దేశానికి వద్దాం. పొగమంచు లేదు, చెట్టు లేదు, తమ విమానాలు లేవు. ఉన్నది నెత్తిమీద తుపాకి ఒక్కటే. అలాంటి చోట ట్యాంకులు చిక్కితే ఏమవుతుందో 1971లో రాజస్థాన్ థార్ ఎడారి చూపించింది.

డిసెంబర్ 4 రాత్రి పాకిస్తాన్ దళం ఒకటి చైనా తయారీ టి–59 ట్యాంకులతో సరిహద్దు దాటి లోంగేవాలా వైపు వచ్చింది. ఆ పోస్టులో ఉన్నది 23 పంజాబ్ బెటాలియన్‌కు చెందిన ఒక కంపెనీ, దానికి మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకుడు. జైసల్మేర్ విమాన స్థావరంలో హంటర్ విమానాలున్నాయి గానీ రాత్రిపూట గురి చూసే ఏర్పాటు వాటికి లేదు. వెలుగు రాగానే వస్తామని స్థావరాధిపతి వింగ్ కమాండర్ బావా మాటిచ్చారు. ఆ రాత్రి చీకటిదే పాకిస్తాన్ ట్యాంకులకు కవచం. దాన్ని వాడుకుని తెల్లారేలోగా పోస్టు దాటలేకపోవడం వాళ్లు చేసిన అతి పెద్ద పొరపాటు. 'బోర్డర్' సినిమాలో ఆ రాత్రి పోరాటాన్ని మనవాళ్లందరూ చూశారు. నాకు మాత్రం తెల్లవారాక జరిగినదానికే ఇంకా ఎక్కువ స్థలం దక్కాలనిపిస్తుంది.

5వ తేదీ ఉదయం ఏడు దాటాక మొదటి జంట హంటర్లు వచ్చాయి. మేజర్ ఆత్మాసింగ్ చిన్న కృషక్ విమానంలో తిరుగుతూ ఏ ట్యాంకు ఎక్కడుందో రేడియోలో చెప్పారు. నార్మండీలో కెసాడా ట్యాంకులో కూర్చోబెట్టిన పైలట్ చేసిన పనే ఇక్కడ ఆకాశం నుంచి జరిగింది. టి–59 టరెట్ మీద 12.7 మిల్లీమీటర్ల తుపాకి ఉంది, సిబ్బంది కాల్చారు కూడా. ఆ పోరులో ఒక్క హంటరూ కూలలేదు. తప్పించుకోవడానికి ట్యాంకులు ఇసుకలో గిరగిరా తిరిగాయి. లేచిన దుమ్ము దాస్తుందనుకున్నారు. ఆ వలయాలు ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో ఇప్పటికీ చూడొచ్చు. మెత్తటి ఇసుకలో కూరుకుపోయినవి కూరుకుపోయాయి. బయట కట్టిన ఇంధన పీపాలు అంటుకున్నాయి. హంటర్ నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులకు పైకప్పు, ఇంజిన్ రేకు అందాయి. పోరు ముగిసేసరికి 36 దాకా ట్యాంకులు ధ్వంసమైనవో, వదిలేసినవో అయ్యాయి. విమానాలు పంపమని పాకిస్తాన్ దళం అడుగుతూనే ఉన్నా, వాళ్ల వాయుసేన నుంచి ఆ చోటికి సాయం రాలేదు.

నార్మండీలో పైలట్ల లెక్కలు అసలుకు మించినవైతే, లోంగేవాలాలో ఎందుకు నిజమయ్యాయి? హంటర్ మెరుగైన విమానం అన్నది సగం జవాబే. టైఫూన్లకు ఎదురైన ఫ్లాక్ లాంటిది ఇక్కడ లేదు. అందుకే పైలట్లు తొందర లేకుండా, ఇంకా దగ్గరికి వచ్చి, ఒక్కో ట్యాంకునూ ఎంచుకుని కొట్టగలిగారు. దాక్కోవడానికి మోర్తాన్ కంచెల్లాంటిది ఇసుకలో ఎక్కడుంది? కింద బతకాలన్న తాపత్రయం రెండు చోట్లా ఒకటే. చుట్టూ ఉన్న సాయమే వేరు.

వచ్చే భాగం: 1973 అక్టోబర్, సూయెజ్ కాలువ ఒడ్డు. రాడారుతో గురి చూసే నాలుగు గొట్టాల షిల్కా, భుజం మీంచి పేల్చే క్షిపణి ట్యాంకులకు తోడుగా వచ్చినప్పుడు ఇజ్రాయెల్ విమానాలకు ఏమైంది?